ఆలస్యం అమృతం, ఫోన్ విషం

భౌతికశాస్త్రానికి ఇంతకాలం చేతకాని పని ఒకటి ఈమధ్య ఒక సినిమాలో 18వ నిమిషంలో జరిగిపోయింది. ఇంత పెద్ద ఘనకార్యాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం చూసి నాకు కడుపు తరుక్కుపోతోంది. కాంతి కంటే వేగంగా కబురు మోసే యంత్రాన్ని కనిపెట్టేశారు. కనిపెట్టినవాడు ల్యాబ్‌లో తల నెరిసిన శాస్త్రవేత్త కూడా కాదు, హీరో స్నేహితుడు. మొత్తం పనికి 40 సెకన్లు పట్టింది. అందులో 20 సెకన్లు కళ్ళజోడు తుడుచుకోవడానికే పోయాయి. యంత్రం సబ్బుపెట్టెంత ఉంటుంది, నీలం లైటు వెలుగుతుంది. సినిమాల్లో నీలం లైటు వెలిగితే సైన్స్ అని, ఎర్ర లైటు వెలిగితే ప్రమాదమని మనకు తెలుసు. పసుపు లైటుకు పాపం ఇంకా ఉద్యోగం దొరకలేదు.

సినిమా పేరు చెప్పను. మీకు తెలుసు. మీరూ ఆ ట్రైలర్ చూసే వెళ్ళారు, మీరూ బయటికొచ్చి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అసలు మనల్ని అక్కడిదాకా లాక్కెళ్ళింది ఆ కథలోని ఒక్క ముక్క. ఒక మనిషి ఒంటరిగా నెప్ట్యూన్ దాకా వెళ్తాడు. ఇంట్లో ఏడేళ్ళ కూతురు. నెప్ట్యూన్ సుమారు 450 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరిగెత్తినా అక్కడికి చేరడానికి 4 గంటలు దాటుతుంది. రేడియోలో పంపిన మాటకూ అదే వేగం, అంతకు మించి ఒక్క అడుగు కూడా వేయలేదు. ఇక్కడ పాప "ఎలా ఉన్నావు నాన్నా" అంటే ఆ మాట చేరడానికి 4 గంటలు, "బాగున్నాను తల్లీ" అన్న జవాబు రావడానికి ఇంకో 4 గంటలు. ఆ 8 గంటల్లో ఏం జరిగినా ఒకరి సంగతి ఒకరికి తెలియదు. బాగున్నానని చెప్పినవాడు ఆ మాట ఇల్లు చేరేసరికి బాగున్నాడో లేదో ఎవరూ చెప్పలేరు.

ఇంతే. ఇంకేమీ అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క చేతిలో ఉంటే కథ దానంతట అదే నడుస్తుంది, డైరెక్టర్ పక్కన కూర్చుని అడ్డం రాకుండా ఉంటే చాలు.

మొదట్లో ఆయన అడ్డం రాలేదు కూడా. 12వ నిమిషంలో ఒక సీన్ ఉంది, అది తీసినవాళ్ళే మిగతా సినిమా తీశారంటే నేను నమ్మను. రాత్రి. పాప మంచం మీద అటూ ఇటూ పొర్లుతూ, "నిద్ర రావట్లేదు నాన్నా, కథ చెప్పవా" అంటుంది. మాట బయల్దేరింది. తల్లి లైటు ఆర్పేసింది. తర్వాత షాటులో తెల్లారిపోయింది, గదిలో ఎవరూ లేరు. పాప బడికి వెళ్ళిపోయింది. దుప్పటి సగం మంచం మీద, సగం నేల మీద. ఒంటి మేజోడు ఒకటి బల్ల కింద. అప్పుడు గోడమీది స్పీకర్లోంచి తండ్రి గొంతు వస్తుంది: "అనగనగా ఒక ఊళ్ళో..." కథంతా చెబుతాడు. ఖాళీ గదికి. చివర్లో గొంతు బాగా తగ్గించి, లేపకూడదన్నట్టు, "పడుకున్నావా?" అని అడుగుతాడు. కిటికీలోంచి ఎండ ఆ మేజోడు దాకా పాకుతుంది. అంతే సీను.

నా పక్కసీటులో ఒకాయన అప్పటిదాకా ఫోన్ చూస్తూనే ఉన్నాడు. హాల్లో ఫోన్ వెలిగించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మనసులో ఆయన్ను నానా మాటలూ అనుకుంటున్నాను. ఈ సీన్ రాగానే ఆయన ఫోన్ తిరగేసి తొడమీద బోర్లించాడు. నేనూ ఆయన్ని క్షమించేశాను. హాలంతా నిశ్శబ్దం.

ఆరు నిమిషాల తర్వాత క్వాంటం ఫోన్ వచ్చింది.

అవును, పేరు అదే. క్వాంటం ఫోన్. స్నేహితుడు కళ్ళజోడు పెట్టుకుని చెబుతాడు: "కవలల్లో ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడికి నొప్పి పుడుతుంది కదా, ఇదీ అంతే. వెంటనే! ఆలస్యమే ఉండదు!" ఆ మాటకు కంట్రోల్ రూమ్‌లో ఉన్న ముప్ఫైమంది శాస్త్రవేత్తలూ ఇంతకాలం ఈ సంగతి తట్టనందుకు సిగ్గుపడి తలలు ఊపారు. సినిమాల్లో శాస్త్రవేత్తల ముఖ్యమైన పని తల ఊపడం, రెండో పని చప్పట్లు కొట్టడం. మూడో పని నాకు ఎప్పుడూ కనిపించలేదు.

కవలల నొప్పి సంగతి అలా ఉంచండి. ఎంత దూరంలో ఉన్నా రెండు కణాలు జతగా ముడిపడి ఉండటం, అంటే ఎంటాంగిల్‌మెంట్ అనేది నిజంగానే ఉంది. దానిమీద ప్రయోగాలు చేసిన ముగ్గురికి 2022లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ ముగ్గురిలో ఎవరూ దాంతో ఫోన్ చేయలేదు. చేయడం కుదరదు కాబట్టి. మీ దగ్గర ఒక పాచిక, నెప్ట్యూన్ దగ్గర నాకొక పాచిక ఉన్నాయనుకోండి. మీకు ఎంత పడితే నాకూ అంతే పడుతుంది. వింతే. కానీ ఎంత పడాలో మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. నాకు నాలుగు పడితే అది మీరు పంపిన కబురు కాదు, ఉత్త నాలుగు. మనిద్దరికీ ఒకే అంకె పడిందని తెలియాలన్నా మీరు నాకు మామూలు రేడియోలో చెప్పాలి. దానికి 4 గంటలు. తిరిగి తిరిగి అదే 4 గంటలు. ప్రకృతి ఈ ఒక్క విషయంలో ఎవరి సిఫారసూ వినదు.

అయినా నేను పెద్దమనసు చేసుకున్నాను. సినిమావాళ్ళు భౌతికశాస్త్రాన్ని జయించారంటే జయించారనే అనుకుందాం. అప్పుడు మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. సుదూర నౌకలతో మాట్లాడటానికి అమెరికాలో గోల్డ్‌స్టోన్ దగ్గర, స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర 70 మీటర్ల అడ్డకొలత ఉన్న యాంటెన్నాలు పెట్టుకుని కూర్చున్నారు. భూమి తిరుగుతున్నా ఏదో ఒక చెవి ఆకాశంవైపు ఉండాలని మూడు చోట్ల. వాయేజర్ 1 నౌకలో ఉన్న ట్రాన్స్‌మిటర్ శక్తి సుమారు 23 వాట్లు, అంటే ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బల్బంత. 2,400 కోట్ల కిలోమీటర్లు దాటి అవతలెక్కడో వెలిగే ఆ బల్బు గుసగుస వినడానికి ఇన్ని తిప్పలు. వీటన్నిటినీ వెంటనే పాత ఇనుము కింద అమ్మేసి, హీరో స్నేహితుడి దగ్గర తలా ఒక సబ్బుపెట్టె తీసుకోవాలని అంతరిక్ష సంస్థలన్నిటికీ నా విన్నపం. నీలం లైటు ఉన్నదే అడిగి తీసుకోండి.

ఇక సినిమా సంగతి. కథంతా ఆలస్యం మీద నిలబడి ఉంది. 18వ నిమిషంలో ఆలస్యాన్ని తీసేశారు. సినిమా నిడివి 2 గంటల 25 నిమిషాలు. మిగిలిన 2 గంటల 7 నిమిషాలు ఏం చేయాలి? కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడు కనీసం కిందపడతాడు. వీళ్ళు పడలేదు, గాల్లోనే ఉండి విలన్‌ను పిలిచారు.

నెప్ట్యూన్ లోపల వజ్రాలు వానలా కురుస్తుండవచ్చని శాస్త్రవేత్తలు నిజంగానే అంచనా వేశారు. అక్కడి ఒత్తిడికి కార్బన్ గట్టిపడి లోపలికి జారుతుందని. ఎంత అందమైన ఆలోచన! ఒంటరి మనిషి, కిటికీ అవతల నీలి గోళం, దాని కడుపులో ఎవరూ చూడని వజ్రాల వాన. డైరెక్టర్ ఈ సంగతి చదివాడు. చదివి, విలన్‌కు ఒక సంచి ఇచ్చాడు. ఇప్పటిదాకా నెప్ట్యూన్ దగ్గరికి వెళ్ళిన నౌక ఒక్క వాయేజర్ 2 మాత్రమే. 1977లో బయల్దేరి 1989లో చేరింది, 12 ఏళ్ళు పట్టింది. విలన్ ఎప్పుడు బయల్దేరాడో తెలియదు కానీ హీరో గడ్డం పెరిగేలోపే వచ్చేశాడు. ఒంటరి మనిషి కథలో 31వ నిమిషానికల్లా పదకొండుమంది పోగయ్యారు. నౌక కారిడార్‌లో ఎదురుపడి ఒకరినొకరు తోసుకుంటున్నారు.

శూన్యంలో పేలుళ్ళ చప్పుడు, బరువులేని చోట నున్నగా దువ్విన జుట్టు, ఇవి నేను లెక్కపెట్టను. సినిమాలో తప్పులు వెతికే పెన్సిలు పట్టుకుని కూర్చునే జాతి కాదు నాది. జుట్టు దువ్వుకోనివ్వండి. కానీ ఆ క్లైమాక్స్ గురించి చెప్పకుండా ఎలా ఉండను?

క్లైమాక్స్‌లో నౌక పేలడానికి 60 సెకన్లు ఉంది. రాకెట్లకు అంకెలు వెనక్కి లెక్కపెట్టడమన్నది మొదట సినిమావాళ్ళ ఆలోచనేనని చెబుతారు. 1929లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మూకీ సినిమాలో రాకెట్ లేచే ముందు అంకెలు తగ్గుతూ వస్తాయి, ప్రేక్షకుడికి ఉత్కంఠ పెరగాలని. నిజం రాకెట్లకు ఆ అలవాటు తర్వాత అంటుకుంది. అంత గొప్ప వంశంలో పుట్టిన కౌంట్‌డౌన్‌కు ఈ సినిమాలో పట్టిన గతి ఇది.

60. హీరో క్వాంటం ఫోన్ తీశాడు. 58. కూతురు లైన్‌లోకి వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు, 57 అయ్యేసరికి ఏడుపు అయిపోయింది. తర్వాత భార్య. పెళ్ళి గుర్తుచేసుకున్నారు. గుర్తుచేసుకోవడమంటే మాటల్లో కాదు, పూర్తి ఫ్లాష్‌బ్యాక్, రెండు రుతువులు మారాయి. 51. ఎప్పుడో మాటలు మానేసిన అన్నగారు వచ్చారు. "నన్ను క్షమించరా తమ్ముడూ" అన్నారు. ఆస్తి తగాదా పరిష్కారమైంది. 44. హీరోకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు వచ్చారు. ఆయన్ను కంట్రోల్ రూమ్‌లోకి ఎవరు రానిచ్చారో, ఎప్పటినుంచి ఆ మూల కుర్చీలో కూర్చుని ఉన్నారో తెలియదు. "నేను చెప్పిన చివరి లెక్క గుర్తుందా బాబూ?" అన్నారు. హీరోకు గుర్తొచ్చింది. ఆ లెక్కలోనే బాంబు ఆపే కిటుకు ఉంది. రెండో తరగతి లెక్క అది. విలన్ కూడా పాపం ఈ సంభాషణ అయ్యేదాకా ఒక రాడ్ పట్టుకుని మర్యాదగా పక్కన నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు, మాస్టారు జవాబు చెప్పబోతుండగా, సిగ్నల్ పోయింది.

క్వాంటం ఫోన్‌కు సిగ్నల్ పోయింది! విశ్వం నియమాన్నే తోసిరాజన్న యంత్రం. మధ్యలో దూరమే లేని యంత్రం. "హలో... మాస్టారూ... వినబడుతోందా... హలో..." తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది. హీరో ఫోన్‌ను కాస్త పైకెత్తి చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. నెప్ట్యూన్ కక్ష్యలో, కిటికీ దగ్గరికి! చివరికి అరచేత్తో రెండు తట్లు తట్టాడు. నీలం లైటు వెలిగింది. మాస్టారు వచ్చేశారు. కంట్రోల్ రూమ్ చప్పట్లు కొట్టింది. నా గడియారం ప్రకారం ఆ 60 సెకన్లకు తొమ్మిది నిమిషాలు పట్టింది. సినిమా మొత్తంలో కాలం సాగడమన్న ఐన్‌స్టీన్ మాటను గౌరవించిన చోటు ఇదొక్కటే.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇకపై నా వల్ల కాదు.

ఎందుకు తీసేశారు ఆ ఆలస్యాన్ని? నాకు తెలుసు. కథ చర్చల్లో ఎవరో ఒకరు అని ఉంటారు: "8 గంటలు జవాబు రాకపోతే ప్రేక్షకుడికి బోర్ కొడుతుంది సార్. అర్థం కాదు సార్." ఈ 'అర్థం కాదు' అన్న మాట ఎవరి గురించి? మన గురించి. డబ్బు పెట్టి, పనులు మానుకుని వచ్చి చీకట్లో నోరు మూసుకుని కూర్చున్న మన గురించి. ఎదురుచూడటం మనకు అర్థం కాదట! మెసేజ్ పంపి, అది చేరిందో లేదో అని పది నిమిషాలకొకసారి ఫోన్ తీసి చూడని మనిషి ఎవరైనా ఉన్నారా? ఆపరేషన్ థియేటర్ తలుపు మీది లైటు ఆరడం కోసం కూర్చోనివాళ్ళు? రాత్రి పదకొండు దాటినా ఇల్లు చేరని పిల్లాడి కోసం కిటికీ వదలనివాళ్ళు? ఈ భూమ్మీద అందరికీ ఏదైనా బాగా వచ్చిన పని ఉందంటే అది ఎదురుచూడటమే. ఆ ఒక్కటీ మనకు రాదని వీళ్ళు తీర్మానించుకున్నారు.

నిజంగా జరిగింది వినండి. 2012 ఆగస్టులో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగింది. వాతావరణంలోకి చొరబడినప్పటినుంచి నేల తాకేదాకా 7 నిమిషాలు. అక్కడినుంచి ఇక్కడికి కబురు రావడానికి ఆ రోజు దాదాపు 14 నిమిషాలు. అంటే 'ఇప్పుడే వాతావరణంలోకి వెళ్తోంది' అన్న కబురు ఇక్కడ అందేసరికి రోవర్ నేల చేరి 7 నిమిషాలైంది. ముక్కలుగానో, క్షేమంగానో. గదినిండా మనుషులు అప్పటికే ముగిసిపోయిన దాని కోసం గుండెలు బిగబట్టుకుని కూర్చున్నారు. ఏ బటనూ నొక్కడానికి లేదు. నొక్కినా అది చేరేది మరో 14 నిమిషాలకు.

2017 సెప్టెంబర్ 15న కసీని నౌక శనిగ్రహంలోకి దూకి కాలిపోయింది. అక్కడినుంచి సంకేతం రావడానికి 83 నిమిషాలు. నౌక బూడిదైపోయాక కూడా 83 నిమిషాలపాటు దాని మాట వస్తూనే ఉంది. తెరమీద ఆ సంకేతం కదులుతూ ఉంది, అది లేదని అందరికీ తెలుసు. వింటూ కూర్చున్నారు. తర్వాత గీత పడిపోయింది. దీన్ని తీయండయ్యా! దీనికి విలన్ ఎందుకు? సంచి ఎందుకు?

2023 నవంబర్‌లో వాయేజర్ 1కు మతి తప్పింది. మెమరీలో ఒక చిప్ పోయి అర్థంలేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. 1970లలో రాసిన కోడ్‌ను ముక్కలు చేసి, పాడైన చోటు వదిలి వేరే చోట్ల సర్దారు. 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్క పంపారు. వెళ్ళడానికి 22న్నర గంటలు, జవాబు రావడానికి మళ్ళీ 22న్నర గంటలు. రెండు రాత్రులు. ఇంటికి వెళ్ళారు, పడుకున్నారో లేదో, మళ్ళీ వచ్చారు. 20న జవాబు వచ్చింది, పనిచేసింది. ఆ రెండు రాత్రుల్లో ఒక మనిషి ఇంట్లో గడిపిన ఒక గంట తీసినా చాలు. సరిగ్గా కట్టని కుళాయి, చేతిలో ఫోన్, గోడమీద గడియారం. నేను నిద్రపోకుండా చూస్తాను.

బడ్జెట్ లేదంటారేమో. 1962లో క్రిస్ మార్కర్ 'లా జెటే' తీశాడు. కాలంలో వెనక్కి వెళ్ళే మనిషి కథ, 28 నిమిషాలు. దాదాపు మొత్తం కదలని ఫోటోలే. ఒకే ఒక్క చోట ఒక స్త్రీ కళ్ళు తెరుస్తుంది, ఆ కొన్ని క్షణాలు మాత్రం బొమ్మ కదులుతుంది. ఆ కళ్ళు తెరవడం చూసినవాళ్ళు మర్చిపోలేరు. వీళ్ళు ఎన్ని నౌకలు పేల్చారో నాకు ఇప్పటికే గుర్తులేదు.

వాళ్ళ దగ్గర లేనివి డబ్బూ, తెలివీ కాదు. రెండూ ఉన్నాయి. 12వ నిమిషం ఉంది కదా! ఖాళీ గదికి కథ చెప్పించినవాడికి తన చేతిలో ఏముందో తెలియదని ఎలా అనుకోను? తెలిసే భయపడ్డాడు. హాలు నిశ్శబ్దంగా ఉంటే నచ్చలేదేమోనని భయపడ్డాడు. ఆ నిశ్శబ్దంలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అది నచ్చకపోవడం కాదు.

నా పక్కసీటాయన సంగతి మధ్యలో వదిలేశాను. క్వాంటం ఫోన్ రాగానే ఆయన బోర్లించిన ఫోన్ మళ్ళీ వెల్లకిలా తిప్పాడు. ఈసారి నాకు కోపం రాలేదు, తెరకంటే అదే నయమని నేనూ అటు తొంగిచూశాను. తప్పే. ఎవరికో పంపిన మెసేజ్ ఒకటే ఉంది, కింద ఒంటి టిక్కు. ఏం రాశాడో చదవలేదు, అంత దిగజారలేదు. విలన్ వచ్చినా, నౌకలు పేలినా ఆయన ఆ టిక్కునే చూస్తున్నాడు. తెర ఆర్పుతాడు, మళ్ళీ వెలిగిస్తాడు. ఒంటి టిక్కే. బొటనవేలు గాజు మీద ఊరికే పైకీ కిందికీ రాస్తుంటాడు. రెండు గంటలు అలా గడిచాయి. నేనూ మెల్లగా అందులో పడిపోయాను.

మాస్టారు లెక్క చెబుతుండగా రెండో టిక్కు పడింది. ఆయన లేచి నిలబడ్డాడు. నా మోకాళ్ళు దాటుకుంటూ, "సారీ అండీ" అని, ఫోన్ చెవికి పెట్టుకుని చీకట్లో తలుపువైపు దాదాపు పరిగెత్తాడు. తలుపు తెరుచుకున్నప్పుడు వెలుగు పడి, మళ్ళీ మూసుకుంది. ఎవరు, ఏమైంది, నాకు ఇప్పటికీ తెలియదు.

తెరమీద ఇంకా 11 సెకన్లు ఉన్నాయి. అంటే కనీసం రెండు నిమిషాలు.